అవినీతిపై మన దేశ సమీక్ష: నివేదిక మూత పెట్టి ఉంచాలా, జనం ముందు పెట్టాలా?

వైట్‌ఫీల్డ్_తెలుగమ్మాయి

మొన్న ఆదివారం మా అపార్ట్‌మెంట్‌లో తెలుగువాళ్ళం పదిమందిమి కూర్చున్నాం. మాటా మాటా పెరిగింది. బెర్లిన్ కేంద్రంగా పనిచేసే ట్రాన్స్‌పరెన్సీ ఇంటర్నేషనల్ వాళ్ళ 2024 అవినీతి సూచీలో మనకి 100కి 38 మార్కులొచ్చాయి, 180 దేశాల్లో 96వ స్థానం. ఒక బాబాయిగారు "మన పరువేమిటో తెలియడానికి ఇది చాలు" అన్నారు. ఇంకొకరు "బెర్లిన్‌లో కూర్చున్నవాళ్ళకి మన తాలూకా ఆఫీసు సంగతి ఏం తెలుసు?" అని లేచారు. నాకైతే ఇద్దరూ అసలు విషయం వదిలేసి గొడవ పడుతున్నట్టు అనిపించింది. ఆ సూచీ వేసేది ఒక ప్రభుత్వేతర సంస్థ. నిపుణులు, వ్యాపారులు ఏమనుకుంటున్నారో కొలుస్తుంది, అంతే. ప్రభుత్వాలు తామే సంతకం పెట్టి ఒప్పుకున్న తనిఖీలు వేరే ఉన్నాయి. వాటి ఊసు ఎవరూ ఎత్తలేదు.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఐక్యరాజ్యసమితి అవినీతి వ్యతిరేక ఒప్పందం 2003లో వచ్చింది. మన దేశం 2005 డిసెంబరులో సంతకం పెట్టి, 2011 మేలో ఆమోదించింది. చేరిన దేశాలు మాట నిలబెట్టుకుంటున్నాయా లేదా అని చూసే పద్ధతి 2009లో దోహాలో కుదిరింది. చీటీలు తీసి ఒక్కో దేశానికి రెండు దేశాలను పరీక్షకులుగా వేస్తారు. అందులో ఒకటి మన ప్రాంతానిదే అయి ఉండాలి. ముందు ప్రశ్నావళికి మనమే జవాబులు రాసుకోవాలి. వాళ్ళు చదువుతారు, ఇంకా అడుగుతారు, మనం ఒప్పుకుంటే వచ్చి చూస్తారు. మొదటి విడతలో లంచాన్ని నేరంగా పెట్టారా, దేశాల మధ్య సహకారం ఉందా అన్నవి, రెండో విడతలో ముందే అడ్డుకునే ఏర్పాట్లు, తరలిపోయిన సొమ్ము రాబట్టడం. అంతా అయ్యాక సారాంశం ఒక్కటే తప్పనిసరిగా బయటికొస్తుంది. పూర్తి నివేదిక బయటపెట్టాలా వద్దా అన్నది ఆ దేశం ఇష్టం.

ఎక్కువగా ధనిక దేశాలుండే ఓఈసీడీ కూటమికి, విదేశీ అధికారులకు లంచమివ్వడంపై 1997 నాటి ఒప్పందం ఒకటుంది. అక్కడా సాటి దేశాల సమీక్ష ఉంది, కానీ నివేదికను ఆపే హక్కు సమీక్షకు గురైన దేశానికి లేదు. మనం అందులో చేరలేదు.

పూర్తి నివేదికలు బయటపెట్టాలని మనం అడగాలా? ఓఈసీడీ లాంటి తనిఖీకి కూడా ఒప్పుకోవాలా? రెండింటికీ అవుననే నా జవాబు. కాదనేవాళ్ళు కారణం చెప్పండి.

పాత_ఆడిటర్

అమ్మా, నేను కాదనేవాణ్ణే. ముప్పై ఏళ్ళు లెక్కల తనిఖీలో పనిచేసి జయనగర్‌లో స్థిరపడ్డాను. తనిఖీ అంటే నాకు గౌరవం. కానీ తనిఖీ చేసేవాణ్ణి ఎవరు తనిఖీ చేస్తారన్నది కూడా మేం అడిగేవాళ్ళం.

ప్రపంచ బ్యాంకు "సులభ వాణిజ్యం" ర్యాంకులు గుర్తున్నాయా? రాష్ట్రాలు కూడా ఆ మోజులో పడి హోర్డింగులు పెట్టుకున్నాయి. 2018, 2020 నివేదికల అంకెల్లో అవకతవకలు బయటపడి, 2021 సెప్టెంబరులో ఆ నివేదికనే ఎత్తేశారు. వాపును బలుపని మురిసిపోయింది మనం.

ఇక పద్మా వంతెన. అవినీతి కుట్ర జరిగిందంటూ 2012 జూన్‌లో ప్రపంచ బ్యాంకు బంగ్లాదేశ్‌కి ఇవ్వాల్సిన 120 కోట్ల డాలర్ల అప్పు రద్దు చేసింది. 2017లో కెనడా కోర్టు ఆ కేసులో నిందితులను వదిలేసింది. ఆధారాలుగా పెట్టినవి పుకార్లు, ఊహలేనని జడ్జి తోసిపుచ్చారు. బంగ్లాదేశ్ తన డబ్బుతోనే కట్టుకుని 2022లో వంతెన తెరిచింది. మధ్యలో పోయిన ఏళ్ళకి జవాబుదారీ ఎవరు? అలాంటివాళ్ళ చేతికి మన ఫైళ్ళిచ్చి, వాళ్ళు రాసింది మన నెత్తిన పెట్టుకోవాలా?

కంప్లయన్స్_ఉద్యోగి

సర్, పద్మా విషయంలో మీ బాధ సరైనదే. కానీ అది అప్పిచ్చినవాడు తన అప్పు మీద చేసిన దర్యాప్తు. ఇక్కడ మాట్లాడుతున్నది సాటి దేశాలు ఒకదాన్నొకటి చూసుకునే సమీక్ష. రెండూ ఒక గాటన కట్టకండి. ర్యాంకులన్నారు కదా, ఐక్యరాజ్యసమితి పద్ధతిలో దేశాలకు ర్యాంకులివ్వకూడదని నిబంధనల్లోనే రాసుకున్నారు.

ఇలాంటి సమీక్ష పెద్ద దేశం మెడ ఎలా వంచిందో ఒక కథ చెబుతాను, కాస్త పొడుగు. బ్రిటన్‌లో బీఏఈ అనే ఆయుధాల కంపెనీ సౌదీ ఒప్పందంలో లంచాలిచ్చిందని దర్యాప్తు నడుస్తోంది. 2006 డిసెంబరులో దేశ భద్రత పేరు చెప్పి దర్యాప్తు ఆపేశారు. ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానమే 2008లో, ఆపడం తప్పు కాదంది. అంటే ఇంటి లోపల తలుపులన్నీ మూసుకుపోయాయి. ఓఈసీడీ ఒప్పందం ఐదో అధికరణం మాత్రం, ఇలాంటి కేసుల్లో దేశ ఆర్థిక ప్రయోజనాలూ, ఇంకో దేశంతో సంబంధాలూ చూడకూడదంటుంది. ఆ ఒప్పందం అమలును చూసే ఓఈసీడీ కార్యబృందం వదల్లేదు. ప్రత్యేకంగా మళ్ళీ తనిఖీ చేసి, 2008 అక్టోబరులో ఘాటైన నివేదిక ప్రచురించింది. అప్పటికి బ్రిటన్‌లో లంచం చట్టాలు 1889, 1906, 1916 నాటివి. కొత్త చట్టం తెస్తామని ఏళ్ళ తరబడి చెబుతూనే ఉన్నారు, తేలేదు. ఆ నివేదిక వాళ్ళ పత్రికల చేతిలో, ఎంపీల చేతిలో పడింది. 2010 ఏప్రిల్‌లో కొత్త లంచాల చట్టం వచ్చింది. నేను రోజూ పనిచేసేది ఆ చట్టంతోనే. తన తరఫువాళ్ళు లంచమిస్తే, అది జరగకుండా తగిన ఏర్పాట్లు చేసుకోని కంపెనీ కూడా దాని ప్రకారం నేరస్థురాలే.

మన సంగతి చూడండి. విదేశీ అధికారికి లంచమివ్వడం నేరంగా పెట్టాలని ఐక్యరాజ్యసమితి ఒప్పందం 16వ అధికరణం చెబుతోంది. 2011లో బిల్లు పెట్టాం. మురిగిపోయింది. బెంగళూరు కంపెనీ మేనేజరు ఆఫ్రికాలో ఒక మంత్రికి ముడుపులిస్తే, ఆ పనిని నేరమనే ప్రత్యేక చట్టం ఈ రోజుకీ ఇక్కడ లేదు. సారాంశం నాలుగు పేజీలు చదివి దీని మీద ఎవరు ఒత్తిడి తెస్తారు?

కోలార్_కుర్రోడు

అన్నా, ఆఫ్రికా మంత్రి సంగతి మనకెందుకు? మా ఊళ్ళో పహాణీలో (భూమి రికార్డులో) పేరు మార్చాలంటే ఎంతివ్వాలో నేను చెప్పగలను.

మన కర్ణాటకలో అవినీతి మీద పడిన పెద్ద దెబ్బ ఏ విదేశీ బృందం కొట్టింది కాదు. బళ్ళారి ఇనుప ఖనిజం మీద లోకాయుక్త సంతోష్ హెగ్డే 2011 జులైలో నివేదిక ఇచ్చారు. ఆ నెలాఖరుకి ముఖ్యమంత్రి పదవి వదలాల్సి వచ్చింది. తర్వాత 2016లో ఏసీబీ అని వేరే సంస్థ పెట్టి, లోకాయుక్త పోలీసుల చేతిలోని పని లాగేసుకున్నారు. 2022 ఆగస్టులో హైకోర్టు దాన్ని కొట్టేసి, కేసులు తిరిగి లోకాయుక్తకే ఇమ్మంది. ఆ ఆరేళ్ళు ఐక్యరాజ్యసమితి ఏం చేసింది? అవినీతి చూసే సంస్థకి స్వతంత్రం ఉండాలని వాళ్ళ ఒప్పందంలో లేదా? కోర్టుకెళ్ళింది ఇక్కడివాళ్ళే, తీర్పు రాసింది ఇక్కడివాళ్ళే. మన లోకాయుక్తకి సిబ్బందిని ఇమ్మని పోరాడితే అందులో సగం శ్రమకే ఫలితం వస్తుంది.

వైట్‌ఫీల్డ్_తెలుగమ్మాయి

కోలార్ తమ్ముడూ, ఒప్పందంలో ఉంది. ఆరో అధికరణం, 36వ అధికరణం రెండూ స్వతంత్రంగా పనిచేసే సంస్థలు ఉండాలనే అంటాయి. నేననేది అదే. ఏసీబీ ఉన్న ఆ ఆరేళ్ళలో "మా దగ్గర స్వతంత్ర సంస్థలున్నాయి" అని మన ప్రభుత్వం ప్రశ్నావళిలో రాసిందా, రాస్తే కర్ణాటక గురించి ఏం రాసింది? ఆ కాగితం మన చేతిలో ఉంటే, కోర్టుకెళ్ళినవాళ్ళకి అదొక ఆయుధం అయ్యుండేది కదా. బయటివాళ్ళు వచ్చి మనల్ని బాగుచేస్తారని నేననలేదు. మన ప్రభుత్వం బయటివాళ్ళకి ఏం చెబుతోందో మనకి తెలియాలంటున్నాను.

నాకింత పట్టుదల ఎందుకో కూడా చెప్పాలి. మా మామగారు రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో ఇక్కడ సైటు కొన్నారు. ఖాతా (ఆస్తి రికార్డులో పేరు) మార్పిడికి ఒక ఆఫీసులో అర్జీ పెట్టుకుంటే మూడు నెలలు ఫైలు కదల్లేదు. గేటు దగ్గరి ఏజెంటు 15 వేలన్నాడు. బడిలో పిల్లలకి నీతి పాఠాలు చెప్పిన మనిషి, మాకెవరికీ చెప్పకుండా ఇచ్చేశారు. తెలిసి నేను ఫిర్యాదు చేద్దామన్నాను. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత ఇచ్చినవాడిదీ నేరమే. బలవంతం మీద ఇస్తే ఏడు రోజుల్లోగా పోలీసులకో దర్యాప్తు సంస్థకో చెప్పాలి. అప్పటికే ఇరవై రోజులయ్యాయి. ఆ రాత్రి ఆయన అన్నం తినలేదు.

ఫిర్యాదుదారుడికి రక్షణ ఇవ్వాలని ఒప్పందం 33వ అధికరణం. మనకి 2014లో చట్టం కూడా అయింది, రాష్ట్రపతి సంతకం కూడా పడింది. ఇప్పటికీ అమల్లోకి తేలేదు. "చట్టం ఉంది" అని ప్రశ్నావళిలో టిక్కు పెట్టారా, "ఉంది కానీ అమల్లో లేదు" అని రాశారా? ఇది తెలుసుకునే హక్కు మా మామగారికి లేదా?

అడయార్_నుంచి

చెన్నై నుంచి ఒక మాట. పక్కనే శ్రీలంక. 2023లో అప్పులిచ్చే అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) అక్కడ పాలనా లోపాల మీద, అవినీతి మీద పూర్తి పరిశీలన చేసింది, ఆసియాలో మొదటిసారి. నివేదిక మొత్తం ప్రచురించారు. అదే ఏడు అక్కడ కొత్త అవినీతి వ్యతిరేక చట్టం వచ్చింది. కాకపోతే అది దివాలా తీసి చేయి చాచిన దేశం. ఆ స్థితి వచ్చేదాకా ఆగడం తెలివైన పని కాదు.

పాత_ఆడిటర్

మీ మామగారి సంగతి చదివి కాసేపు ఏమీ రాయలేకపోయానమ్మా.

నా పాత వృత్తిలోంచి ఒకటి ఒప్పుకోవాలి. మేం ఆఫీసులకెళ్ళి రాసే తనిఖీ నివేదికలు ఆ ఆఫీసుకీ మాకూ మధ్యే ఉండేవి. ఏళ్ళ తరబడి జవాబు రాని అభ్యంతరాలు కట్టలు కట్టలుగా పేరుకునేవి. అదే పేరా కాగ్ (దేశపు ప్రధాన ఆడిటర్) నివేదికలోకి ఎక్కుతుందని తెలిస్తే, వారంలో శాఖ నుంచి మనిషి పరుగెత్తుకొచ్చేవాడు. ఎందుకంటే రాజ్యాంగం 151వ అధికరణం ప్రకారం అది చట్టసభ ముందు పెట్టి తీరాలి. రాసిన మాట ఒకటే, ఎవరు చదువుతారన్నదే తేడా. కాబట్టి ఐక్యరాజ్యసమితి సమీక్ష పూర్తి నివేదిక బయటపెట్టాలన్న మీ మొదటి కోరికకి నేను సరే.

ఓఈసీడీకి మాత్రం ఇంకా కాదనే అంటాను. ఆ ఒప్పందానికి పునాది, విదేశీ అధికారులకు లంచమివ్వడాన్ని నేరం చేసిన అమెరికా 1977 చట్టం. ఆ అమెరికాయే 2025 ఫిబ్రవరిలో అధ్యక్షుడి ఉత్తర్వుతో దాని అమలును 180 రోజులు నిలిపేసింది, తర్వాత జూన్‌లో కొత్త మార్గదర్శకాలతో మొదలెట్టింది. పెద్దవాడు తనకు నచ్చినప్పుడు ఆపుకోగలిగే ఆటలో మనం కట్టుబడి ఎందుకు కూర్చోవాలి?

కంప్లయన్స్_ఉద్యోగి

సర్, బ్రిటన్ ఆపినప్పుడు ఏం జరిగిందో పైన రాశాను. అమెరికాకీ ఆ సమీక్ష తప్పదు, ఆ నివేదికా మూత పెట్టే వీలు లేదు. ఫలితం ఎలా ఉంటుందో చూడాలి.

ప్రచురిస్తే పరువు పోతుందనేవాళ్ళకి ఇంకొకటి. ఎఫ్‌ఏటీఎఫ్ అని అక్రమ ధనం మీద నిఘా పెట్టే సంస్థ, 2010 నుంచి మనం సభ్యులం. మన మీద వాళ్ళ పూర్తి నివేదిక 2024 సెప్టెంబరులో బయటికొచ్చింది. అందులో మెచ్చుకోళ్ళూ ఉన్నాయి, తప్పులూ ఉన్నాయి. విదేశీ రాజకీయ నాయకుల ఖాతాలపై బ్యాంకులు అదనపు నిఘా పెట్టాలని మన నిబంధనలున్నాయి, స్వదేశీ నాయకులపై ఆ నియమం లేదని ఎత్తిచూపారు. ఎంత ముఖ్యమైన మాట అది! ప్రభుత్వం దాన్ని ప్రచురించనిచ్చింది, ఏ కొంపా మునగలేదు.

పాత_ఆడిటర్

దానికి జవాబుంది బాబూ. ఎఫ్‌ఏటీఎఫ్ మాట చెల్లుతుంది, ఎందుకంటే లోపాలున్న దేశాలను పెట్టే గ్రే లిస్టు అనే కర్ర ఉంది. పాకిస్తాన్ 2018 జూన్ నుంచి 2022 అక్టోబరు దాకా అందులో ఉండి ఎన్ని చట్టాలు మార్చుకుందో చూశాం. ఐక్యరాజ్యసమితి సమీక్షకి అలాంటి కర్ర లేదు. ప్రచురణ ఒక్కటే చాలదు. అయినా అక్కడి నుంచే మొదలుపెట్టాలన్నది ఒప్పుకున్నాను.

కోలార్_కుర్రోడు

ఒప్పుకున్నారు కదా సర్, మరి అడిగేదెవరు? ఆర్‌టీఐ వేద్దామా?

పాత_ఆడిటర్

వేయండి, కానీ చూసి వేయండి. సీబీఐకి పంపకండి, 2011 నుంచి అది చాలావరకు ఆర్‌టీఐ చట్టం పరిధి బయట ఉంది. కేంద్ర సిబ్బంది, శిక్షణ శాఖకి పంపండి. పరీక్షించిన దేశాలు రాసినది అడిగితే విదేశీ సంబంధాలనీ, వాళ్ళు గోప్యంగా ఇచ్చిన సమాచారమనీ ఎనిమిదో సెక్షన్ చూపించి తిప్పి పంపుతారు. మనం రాసిన జవాబులు మాత్రమే అడగండి.

వైట్‌ఫీల్డ్_తెలుగమ్మాయి

ఇలా రాశాను, చూడండి.

1. ఐక్యరాజ్యసమితి అవినీతి వ్యతిరేక ఒప్పందం సమీక్షలో భారత ప్రభుత్వం సమర్పించిన స్వీయ మదింపు ప్రశ్నావళి జవాబుల నకలు.
2. పూర్తి నివేదికను ఎందుకు ప్రచురించలేదు?
3. 33వ అధికరణం కింద 2014 చట్టం గురించి రాసిన భాగం నకలు.

పాత_ఆడిటర్

రెండోది మార్చమ్మా. "ఎందుకు" అని అడిగితే అది సమాచారం కిందికి రాదని ఒక్క వాక్యంలో తోసేస్తారు. పైగా ప్రచురించలేదని మనమే తేల్చేసినట్టుంది. "పూర్తి నివేదిక ప్రచురణపై నిర్ణయం తీసుకున్న ఫైలు నోటింగుల నకలు" అని రాయండి. మూడోది మొదటిదాంట్లోనే ఉంది, అయినా ఉంచండి. మొదటిది నిరాకరించినా దీనికి విడిగా జవాబు రాయాల్సి వస్తుంది. ఫీజు పది రూపాయలు, ఆన్‌లైన్‌లోనే కట్టొచ్చు. ముప్పై రోజులు లెక్కపెట్టుకోండి. జవాబు రాకపోతే మొదటి అప్పీలు నేను రాసిపెడతాను.

వైట్‌ఫీల్డ్_తెలుగమ్మాయి

మార్చాను బాబాయిగారూ. అర్జీదారుగా తన పేరు పెట్టమని మా మామగారు అడుగుతున్నారు. ఆయన పేరుతోనే ఈ రాత్రి పంపుతున్నాను.