రష్యన్ ముత్తాత కోటు మీద తూటా జేబులు: ఆ వేషం అసలు ఎవరిది?

గాజువాక ఫిట్టర్:
మా యార్డుకి రిపేరు పని మీద ఒక రష్యన్ ఇంజినీరు వచ్చాడు. ఆదివారం బీచ్ రోడ్డులో కురుసుర చూపించాను. 1969లో రీగాలో మన నేవీలో చేరిన సబ్‌మెరైన్ కదా, మురిసిపోయాడు. ‘అప్పట్లో సోవియట్ కింద ఉన్న రీగా ఇప్పుడు లాట్వియాది కదా’ అన్నాను. మొహం మాడ్చుకున్నాడు. ‘కాలనీలు బ్రిటిష్‌వాళ్ళవి, మావి కావు’ అన్నాడు. తర్వాత ఫోన్లో ముత్తాత ఫొటో చూపించాడు. కోసాక్ అట, అంటే రష్యా సరిహద్దుల్లో గుర్రపు సిపాయిలుగా ఉండే జనం. పొడుగు కోటు, నడుముకి బాకు, ఛాతీకి రెండు పక్కలా తూటా జేబుల వరస. ‘మగాడంటే ఇదీ’ అన్నాడు. ఆ వేషం రష్యన్లదేనా?

రిటైర్డ్ దుబాసీ:
కాదు బాబూ. దాన్ని చెర్కెస్కా అంటారు, నల్ల సముద్రానికీ కాస్పియన్‌కీ మధ్య ఉన్న కాకసస్ కొండజనాల బట్ట. వాళ్ళ మీద రష్యా 1817 నుంచి 1864 దాకా యుద్ధం చేసింది. చివరికి ఆ కొండజనాల్లో చెర్కెస్‌లనేవాళ్ళని లక్షల్లో ఒట్టోమాన్ (టర్కీ సుల్తానుల) దేశానికి తరిమేసింది. వాళ్ళతో పోరాడిన కోసాక్కులే వాళ్ళ కోటూ బాకూ తెచ్చుకుని తొడుక్కున్నారు. ఆ జేబుల్లో ఒక్కో గొట్టానికి ఒక్క పేలుడుకి సరిపడా తుపాకి మందు ఉండేది, గుర్రం మీద కొలుచుకునే పని లేకుండా. కొత్త తుపాకులొచ్చాక అవి ఉత్త అలంకారం.

ఎనభైల్లో స్టీల్‌ప్లాంట్‌లో సోవియట్ నిపుణుల దగ్గర పనిచేశాను. ఫిబ్రవరి 23 వాళ్ళకి సైన్యం పండగ. ఆడవాళ్ళు మగాళ్ళందరికీ బహుమతులిచ్చేవారు, తుపాకీ పట్టనివాడికి కూడా! మగాడంటే సిపాయే అన్నమాట.

ఏయూ హిస్టరీ:
మాస్టారూ, అంతా కాకసస్ మీదికే తొయ్యకండి. వాళ్ళు ‘నిఖార్సైన మగాడు’ అనడానికి వాడే మాట ముజీక్. ఒకప్పుడు ఆ మాటకి పల్లెటూరి రైతు అని అర్థం, దొరల నోట అది తిట్టు. 1861 దాకా లక్షలాది రైతులు భూమితో పాటు అమ్ముడుపోయినవాళ్ళే. సిపాయిగా పట్టుకెళితే ఒకప్పుడు పాతికేళ్ళ చాకిరీ. పరాయి నేల గెలిచిపెట్టినవాడి అన్నదమ్ములు సొంతూళ్ళో బానిసలు. ఆ మగతనంలో ఈ దెబ్బ కూడా ఉందండీ.

గాజువాక ఫిట్టర్:
రెండూ చెప్పాను. ముజీక్ సంగతి తెలుసన్నాడు, నవ్వాడు. కోటు సంగతికి మాత్రం ఫొటో పెద్దది చేసి, ఆ జేబుల్నే చాలాసేపు చూశాడు. ముత్తాత ఊరేదో అమ్మని అడుగుతానన్నాడు. బిర్యానీ బిల్లు మాత్రం నన్ను కట్టనిస్తేనా!