అరిగిపోయిన ప్లేటుతో పాత ఆల్టర్నేటర్: నంబరును నమ్మాలా, మీటరునా?

కొత్తపుల్లీ: ఇంజిన్ తిప్పితే బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్ ఒకటి పాత సామాను లాట్‌లో వచ్చింది. ప్లేటు మీద "ఎల్‌టీ145" వరకే కనబడుతోంది, తర్వాత ఒక గీత, ఆపై అంతా అరిగిపోయింది. వెనక లావు బోల్టు "బి", పక్కన "ఈ" స్క్రూ, ప్లగ్గులో "ఎఫ్", "ఎన్". ఏ బండిది? 12 వోల్టులేనా?

పాతప్లేటు: హిటాచీ. ఎల్‌టీ అంటే రెగ్యులేటర్ (వోల్టేజీని అదుపు చేసేది) బయట ఉండే వరుస, ఎల్‌ఆర్ అయితే లోపలే ఉంటుంది. ఆ తర్వాతి 1 అంటే 12 వోల్టులు, 24 అయితే అక్కడ 2 ఉంటుంది. 45 అంటే ఆంపియర్లు. డాట్సన్ 240జడ్ కారులో ఈ వరుసే వచ్చింది. గీత తర్వాతి అంకెలు దొరికితే అసలు రకం తేలుతుంది. కిరోసిన్ గుడ్డతో తుడిచి, టార్చి వెలుగు పక్కనుంచి పడేలా పట్టి చూడండి. వైర్ బ్రష్ పెట్టారో, ఉన్న అచ్చు కూడా పోతుంది.

మీటర్‌రీడింగ్: ప్లేటు కవర్ సంగతే చెబుతుంది. రీబిల్డ్‌లో ఒకదాని కవర్లో ఇంకోదాని రోటర్ (లోపల తిరిగే ఫీల్డ్ చుట్ట) వేసేస్తారు. ముందు ఎఫ్-ఈ (ఫీల్డ్, ఎర్త్) మధ్య ఓమ్స్ చూడండి. 4, 5 వస్తే 12 వోల్టుల రోటరే, దాదాపు 3 ఆంపియర్లు లాగుతుంది. దానికి మూడు నాలుగు రెట్లుంటే 24 అని అనుమానించాలి. మీటర్ అలాగే ఉంచి పుల్లీని చేత్తో మెల్లగా తిప్పండి. అంకె ఎగిరెగిరి పడితే కార్బన్లు (రోటర్‌కు కరెంటు అందించే బ్రష్‌లు) అరిగాయి, లేదా అవి రాసుకునే స్లిప్ రింగులకు మసి పట్టింది. అసలేమీ చూపకపోతే కార్బన్ ఇరుక్కునైనా ఉండాలి, వైండింగ్ తెగైనా ఉండాలి.
ఎన్ (కదలని చుట్ట, అంటే స్టేటర్, తీగలు మూడూ కలిసే చోటు) ఉండటం మీ అదృష్టం. మీటర్ డయోడ్ మోడ్‌లో (డయోడ్ కరెంటును ఒకవైపే వదులుతుంది) ఎరుపు ఎన్ మీద, నలుపు బి (బ్యాటరీకి వెళ్లే కొస) మీద పెడితే 0.5 దగ్గర రావాలి, తిరగేస్తే ఏమీ రాకూడదు. తర్వాత ఎరుపు ఈ మీద, నలుపు ఎన్ మీద పెట్టండి. అదే లెక్క.

జిడ్డుబెల్ట్: ఎఫ్‌కి బ్యాటరీ ప్లస్ ఇచ్చి తిప్పితే తెలిసిపోతుందిగా. ఇంత ఎందుకు?

పాతప్లేటు: ఇదిగో, ఇలాంటి సలహాలతోనే మంచి ముక్కలు తుక్కులోకి పోతున్నాయి! ఫీల్డ్ బ్లేడు కనబడగానే ప్లస్ ఇచ్చేస్తారా? క్రైస్లర్‌లో 1970 నుంచి ఫీల్డ్ కొసలు రెండూ బాడీకి తగలవు, రెగ్యులేటర్ ఎర్త్ వైపు నుంచి అదుపు చేస్తుంది. దానికి ఒక్క ప్లస్ ఇస్తే ఏమీ పుట్టదు. "చచ్చింది" అని పారేస్తారు.

మీటర్‌రీడింగ్: అందుకే కదా ఓమ్స్ ముందు చూడమన్నది. ఎఫ్-ఈ మధ్య రీడింగ్ వచ్చిందంటే ఒక కార్బన్ ఎర్త్‌కే ఉంది, ప్లస్ ఇవ్వచ్చు. కానీ బి బ్యాటరీకి కలిపే ఉండాలి, కొన్ని సెకన్లే, 15 వోల్టులు దాటేలోపు తీసేయాలి. బ్యాటరీ లేకుండా చేస్తే వోల్టేజీకి పగ్గం ఉండదు, డయోడ్లు పోతాయి.

పాతప్లేటు: మీ ఎన్ పరీక్షలో తెగిన డయోడ్ దొరకదు. ఒక్కో వైపు డయోడ్లు మూడూ సమాంతరంగా ఉంటాయి, ఒకటి తెగినా మిగతా రెండూ 0.5 చూపిస్తాయి.

మీటర్‌రీడింగ్: షార్ట్ దొరుకుతుంది, ముందు కావలసింది అదే. ప్లస్ వైపు డయోడ్ షార్టయితే ఇంజిన్ ఆపినా ఎన్ మీదికి బ్యాటరీ వచ్చి, రెగ్యులేటర్ రిలే కాయిల్ గుండా ఛార్జి దిగిపోతుంది. ఇది ఏ ప్లేటు చెబుతుంది? మొదటినుంచీ అంకెలు, అంకెలు, అదే పాట.

పాతప్లేటు: ఆయన అడిగిన మొదటి ప్రశ్న "ఏ బండిది" అని. మీకు అది దేనిదైనా ఒకటే, ఛార్జి చేస్తే చాలు. ఏదో ఒక బండికి బిగించేస్తే, ఆ ముక్క కోసమే వెతుకుతున్న బండికి అది ఇక దొరకదు. నా బాధ అది.

మీటర్‌రీడింగ్: ఆ మాట ముందే అనాల్సింది. నేను బిగించే లెక్కలో మాట్లాడుతున్నాను, మీరు దాచే లెక్కలో.

కొత్తపుల్లీ: తుడిచాను. గీత తర్వాత 3 స్పష్టంగా ఉంది, ఆ పక్కది 5 లాగా ఉంది. ఎఫ్-ఈ 4.6 ఓమ్స్. ఎన్-బి 0.52, తిరగేస్తే ఏమీ లేదు. ఈ-ఎన్ మాత్రం ఎటు పెట్టినా సున్నా.

మీటర్‌రీడింగ్: ఎర్త్ వైపు డయోడ్ షార్ట్, లేదా స్టేటర్ బాడీకి తగులుతోంది. ఇలా తిప్పకండి, వైండింగ్ మాడుతుంది. విప్పి, స్టేటర్ తీగల టంకం ఊడదీసి, తీగకీ బాడీకీ మధ్య చూడండి. అప్పుడూ సున్నా అయితే వైండింగ్, లేదంటే డయోడ్.

పాతప్లేటు: విప్పేముందు రెండు కవర్లకీ కలిపి అడ్డంగా ఒక గీత గీయండి, బిగించేటప్పుడు బండికి బోల్టు పట్టే చెవులు పక్కకు పోవు. 35 అయితే 240జడ్‌దే. ఆ ప్లేటు ఊడదీయకండి.