అప్‌డేట్: 20 ఫీచర్లలో ఏవి ముందు చేయాలో తేలింది

గుంటూరు మిర్చి యార్డు కమీషన్ కొట్ల సాఫ్ట్‌వేర్‌లో ఏ ఫీచర్లు ముందు చేయాలో అందరూ కలిసి ఎలా తేల్చాలని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

ఫీచర్లను రెండేసి చొప్పున పోల్చి ఏది ముఖ్యమో తేల్చే ఏహెచ్‌పీ (అనలిటిక్ హైరార్కీ ప్రాసెస్) పద్ధతి పక్కన పెట్టాం. 20 ఫీచర్లకు 190 పోలికలు అవుతాయి, సీజన్‌లో అంత ఓపిక ఎవరికుంటుంది? ఒక్కొక్కరు తమ 100 పాయింట్లను కావాల్సిన ఫీచర్లకు పంచే పద్ధతే తీసుకున్నాం. చీటీల మీద, ఒకరిది ఒకరు చూడకుండా రాయించాం. ఇదే అసలు కీలకం. ఓనరు ముందు నోరు తెరిస్తే గుమాస్తాలు తలూపేస్తారు.

చీటీలు విప్పితే, ఓనర్లు వాట్సాప్ బిల్లుకు ఎక్కువ వేశారు, గుమాస్తాలు నెట్ లేకపోయినా కాటా తూకం ఎక్కే సదుపాయానికి వేశారు. మొత్తాలు కూడేసి ఊరుకోకుండా, తేడా ఎక్కువున్న చోటే మాట్లాడించాం. నెట్ పోతే టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క కాగితం మీద రాసి, రాత్రి మళ్లీ ఎక్కించాల్సి వస్తోందని ఒక గుమాస్తా చెప్పాక ఓనర్లే పాయింట్లు మార్చారు. ఎంత పని పడుతుందో మాత్రం డెవలపర్లే విడిగా అంచనా వేశారు.

చివరికి ఆఫ్‌లైన్ తూకం, రైతు పట్టీ (రైతుకిచ్చే అమ్మకం లెక్క చీటీ) ముందు వస్తాయి. వాట్సాప్ బిల్లు సీజన్ అయ్యాకే.