క్వాంటమ్ డాట్ల బ్యాండ్ గ్యాప్: పీక్ నమ్మాలా, టౌక్ ప్లాట్ నమ్మాలా?

క్వాంటమ్ డాట్లు అనే అతిచిన్న కాడ్మియం సెలినైడ్ నానోక్రిస్టల్స్‌ని టోలుయీన్‌లో కలిపి యూవీ-విజిబుల్ స్పెక్ట్రం (ఏ తరంగదైర్ఘ్యపు కాంతిని ఎంత పీల్చుకుంటాయో చూపే గ్రాఫ్) తీశాను. మొదటి ఎక్సైటాన్ పీక్ (కాంతి పడి పుట్టే ఎలక్ట్రాన్-రంధ్రం జంట వల్ల వచ్చే మొదటి శిఖరం) 550 నానోమీటర్ల దగ్గర వచ్చింది. తరంగదైర్ఘ్యాన్ని శక్తిగా మార్చడానికి 1240ని దాంతో భాగిస్తే బ్యాండ్ గ్యాప్ (ఎలక్ట్రాన్ పై స్థాయికి ఎగరడానికి కావాల్సిన కనీస శక్తి) 2.25 ఎలక్ట్రాన్ వోల్టులు. పెద్ద స్ఫటికంలో గ్యాప్ 1.74 మాత్రమే కాబట్టి, కణాలు చిన్నవైనందుకే పెరిగిందని అర్థమైంది. ఇంతవరకూ బాగానే ఉంది.

చిక్కంతా టౌక్ ప్లాట్‌తోనే. కాంతి శోషణని శక్తితో పాటు గ్రాఫ్‌గా వేసి, అందులో సరళరేఖలా ఉన్న భాగాన్ని గీతగా పొడిగించి, అది శక్తి అక్షాన్ని తాకే చోట గ్యాప్ చదివే పద్ధతి అది. అదే డేటాకి 2.12 వస్తోంది. పైగా గీతని కాస్త అటూ ఇటూ జరిపితే నాకు నచ్చిన విలువ వచ్చేస్తోంది, అదే టెన్షన్. ఆ పద్ధతి శక్తి స్థాయిలు పట్టీలుగా కలిసిపోయిన పదార్థాలకు కదా? స్థాయిలు విడివిడిగా ఉండే ఇంత చిన్న కణాలకు వర్తిస్తుందా? మా సీనియర్ మాత్రం "అందరూ అదే వేస్తారు, వేసెయ్" అంటున్నాడు.

ఇంకో సంగతి. 650 నానోమీటర్లు దాటాక కూడా అబ్జార్బెన్స్ (ఎంత కాంతి పీల్చుకుందన్న కొలత) సున్నాకి దిగట్లేదు, 0.04 దగ్గరే ఆగిపోతోంది. ద్రావణం కంటికి తేటగానే ఉంది మరి. కణాలు గుంపుకట్టి కాంతిని చెదరగొడుతున్నాయా? ఆ 0.04ని అన్నిచోట్లా ఒకేలా తీసేయొచ్చా, లేక తరంగదైర్ఘ్యాన్ని బట్టి మారుతుందా?

రెండో డెరివేటివ్‌తో పీక్ స్థానం పట్టుకున్నవాళ్లుంటే, ముందు డేటాని ఎంత స్మూత్ చేశారో కూడా చెప్పండి. నాకు నాయిస్ తప్ప ఏమీ కనబడట్లేదు.