సీసాలో పచ్చగా ఉన్న సర్పగంధ కుండీలో ఎందుకు చనిపోతోంది?

ప్రశ్న (ఉప్పల్, హైదరాబాద్):
అందరికీ నమస్కారం. నేను చిన్న నర్సరీ నడుపుతున్నాను. ఔషధ మొక్క సర్పగంధ గింజలు సరిగా మొలకెత్తవు కాబట్టి, టిష్యూ కల్చర్ (మొక్క ముక్కలను సీసాల్లో క్రిములు లేకుండా పెంచే పద్ధతి) నేర్చుకుని, కణుపు ముక్కలను ఎం.ఎస్. మీడియా అనే పోషక జెల్లీలో పెంచుతున్నాను. సీసాల్లో పిలకలు, వేర్లు చక్కగా వస్తున్నాయి. కానీ ఏప్రిల్‌లో కుండీల్లోకి మార్చిన నలభై మొక్కల్లో ఆరే మిగిలాయి. తక్కినవి రెండు రోజులకే ఉడికిన ఆకుకూరలా వాలిపోయాయి. నీళ్లు ఏనాడూ తగ్గనివ్వలేదు. లోపం ఎక్కడుందో దయచేసి చెప్పగలరు.

జవాబు 1:
లోపం నీళ్లలో లేదండీ, ఆకులో ఉంది. సీసాలో గాలి ఎప్పుడూ తేమతో నిండి ఉంటుంది కనుక, అక్కడ పెరిగిన ఆకు మీద మైనపు పొర సరిగా ఏర్పడదు, పత్రరంధ్రాలు మూసుకోవడం దానికి అలవాటు కాదు. సీసాలోని ఆకునొకటి, నేలలో పెరిగిన మొక్క ఆకునొకటి తుంచి బల్ల మీద పక్కపక్కనే పెట్టి చూడండి, మీకే తెలుస్తుంది. అలాంటి మొక్కను హైదరాబాద్ ఏప్రిల్ ఎండలోకి తేవడం దాని మీద మోయలేని బరువు పెట్టడమే. వేర్లకు అంటిన జెల్లీ లాంటి అగర్‌ను గోరువెచ్చని నీటితో పూర్తిగా కడగాలి. మీడియాలో లీటరుకు 30 గ్రాముల చక్కెర ఉంటుంది, అది మిగిలితే బూజు పట్టక మానదు. శుద్ధి చేసిన కొబ్బరిపొట్టు, అంటే కోకోపీట్‌లో నాటి, పారదర్శకమైన మూత పెట్టి, వారం తర్వాత రోజురోజుకూ కాస్త కాస్త ఎక్కువసేపు తెరుస్తూ, మూడు నాలుగు వారాలు షేడ్‌నెట్ కిందే ఉంచండి. రోహిణి కార్తె దాటి నాలుగు వానలు పడ్డాక మొదలుపెడితే మరీ మంచిది.

జవాబు 2:
పై మాటలతో ఏకీభవిస్తాను. నాకు అంతకన్నా ముఖ్యంగా తోచేది తల్లిమొక్క ఎంపిక. 1952లో వేరుచేసిన, రక్తపోటు తగ్గించే రిసర్పిన్ అనే రసాయనం ప్రధానంగా ఈ మొక్క వేరులో ఉంటుంది, కొనేవారు అడిగేదీ ఆ వేరునే. తల్లిమొక్క నాసిరకమైతే వెయ్యి పిల్లమొక్కలూ నాసిరకమే అవుతాయి, కాబట్టి వేరును పరీక్ష చేయించాకే కణుపులు తీయండి. త్వరగా పెరుగుతుందని కాలస్ (రూపం లేని కణాల ముద్ద నుంచి మొక్కలు తీసే) దారి పట్టకండి, అందులో పిల్లలు తల్లిని పోలకుండా మారిపోయే అవకాశం ఎక్కువ. మీకు దగ్గరలోని బోడుప్పల్‌లోనే ఔషధ, సుగంధ మొక్కల సంస్థ సీమ్యాప్ పరిశోధన కేంద్రం ఉంది, ఒకసారి వెళ్లి అడిగి చూడండి.

ప్రశ్న వేసినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టే రెండు ఆకులు బల్ల మీద పెట్టాను. సీసా ఆకు నేను టీ తాగి వచ్చేసరికే ముడుచుకుపోయింది. నేల ఆకు సాయంత్రానికీ నిగనిగలాడుతూనే ఉంది. మిగిలిన ఆరు మొక్కల మీద గాజు గ్లాసులు బోర్లించాను.