ఆకులు కోసే చీమలకు ఇంట్లో గాజు గూడు: కావలి ఎండల్లో సాధ్యమేనా?

ప్రశ్న: కావలి మాస్టారు

అందరికీ నమస్కారం. నేను కావలి దగ్గరి ఒక ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తున్నాను. అమెరికా ఖండాల అడవుల్లో ఆకులను ముక్కలుగా కత్తిరించి, గొడుగుల్లా ఎత్తిపట్టుకొని వరుసగా గూటికి మోసుకుపోయే చీమల గురించి తరగతిలో చెప్పిన రోజు నుంచి, వాటి గుంపు ఒకదాన్ని ఇంట్లో పెంచి పిల్లలకు ప్రత్యక్షంగా చూపించాలన్న కోరిక నన్ను వదలడం లేదు. మూడు గాజు పెట్టెలు చేయించి, మొదటిదాన్ని అవి ఆకుల మీద పండించుకొనే బూజు తోటకూ, రెండోదాన్ని ఆకులు వేయడానికీ, మూడోదాన్ని చెత్తకూ కేటాయించి, వాటిని పారదర్శకమైన గొట్టాలతో కలపాలని కాగితం మీద గీసుకున్నాను.

నా సందేహాలు ప్రధానంగా రెండు. మే నెలలో మా ఇంట్లో మధ్యాహ్నం పూట 36, 37 డిగ్రీల వేడి ఉంటుంది, కరెంటు కూడా పోతూ వస్తూ ఉంటుంది. అటువంటప్పుడు బూజు తోట పెట్టెను చల్లగా, తేమగా ఉంచడం ఎలా? రెండోది, రాణి చీమను కొరియరులో పంపుతామని ఇంటర్నెట్‌లో ఒక విదేశీ అమ్మకందారు చెబుతున్నాడు. తెప్పించుకోవచ్చునా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు: బాపట్ల పూర్వ విద్యార్థి

మాస్టారూ, నేను బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదువుకున్నాను, కీటకశాస్త్రం నాకు ఇష్టమైన విషయం. మీ రెండో ప్రశ్నకు ముందుగా సమాధానం చెబుతాను, ఎందుకంటే దాని మీదే మొదటిది ఆధారపడి ఉంది. దయచేసి తెప్పించకండి. ఆకులు కోసే చీమలు అట్టా, అక్రోమిర్మెక్స్ అనే రెండు ప్రధాన ప్రజాతులకు చెందినవి. అవి అమెరికా సంయుక్త రాష్ట్రాల దక్షిణ భాగం నుంచి అర్జెంటీనా దాకా మాత్రమే సహజంగా ఉంటాయి, మన దేశంలో ఎక్కడా లేవు. బతికి ఉన్న కీటకాలను విదేశాల నుంచి తెచ్చుకోవాలంటే 1914 నాటి విధ్వంసక కీటకాలు, తెగుళ్ల చట్టం కింద 2003లో వెలువడిన మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం ముందుగా అనుమతి ఉండాలి. 2025లో కెన్యాలో సుమారు 5,000 రాణి చీమలను పరీక్షనాళికల్లో పెట్టి దేశం దాటించబోయిన ఇద్దరు బెల్జియం యువకులు పట్టుబడి, పది లక్షల కెన్యా షిల్లింగుల జరిమానా కట్టవలసి వచ్చింది. చీమే కదా అని ఏ దేశమూ ఊరుకోవడం లేదు.

ఇక మొదటి ప్రశ్న. ఈ చీమలు ఆకులను నేరుగా తిని బతకవు. ఆకును నమిలి గుజ్జు చేసి, దాని మీద ఒక ప్రత్యేకమైన బూజును పండిస్తాయి, ఆ బూజు కొనల్లో ఉబ్బే చిన్న చిన్న గుళికలను పిల్ల పురుగులకు తినిపిస్తాయి. నికరాగ్వాలో గనుల ఇంజనీరుగా పనిచేసిన థామస్ బెల్ట్ ఈ సంగతిని గ్రహించి 1874లోనే రాశాడు. కొత్త రాణి పుట్టింటి నుంచి ఎగిరిపోయేటప్పుడు నోటిలోని చిన్న సంచిలో ఆ బూజు తునక ఒకటి దాచుకొని వెళ్తుంది, కొత్త గూటిలో దానినే విత్తనంగా వాడుకుంటుంది. అంటే మీరు పెంచవలసింది చీమను కాదు, ముందుగా బూజును. దానికి దాదాపు 25 డిగ్రీల వేడి, నూటికి తొంభైకి పైగా తేమ ఎడతెగకుండా ఉండాలి. వేడి 30 దాటి కొద్ది రోజులు నిలిస్తే తోట చెడిపోతుంది, తోట పోతే గుంపు పోతుంది. దాన్ని వేరే బూజు ఆశించకుండా అక్రోమిర్మెక్స్ చీమలు తమ ఒంటి మీద సూక్ష్మజీవులను పెంచుకొని వాటి మందుతో కాపాడుకుంటాయి, ఈ చీమలు చెత్తను దూరపు గదిలో పారేస్తాయి. మీరు మూడో పెట్టె చెత్తకు ఉంచడం సరైన ఆలోచనే. కానీ మన దగ్గర ఏసీ పగలూ రాత్రీ నడిచి, కరెంటు పోతే బ్యాటరీ మీద కొనసాగే ఏర్పాటు లేకుండా అది నిలబడదు. ఎదిగిన అట్టా గుంపులో లక్షలు దాటి పదుల లక్షల చీమలుంటాయి, సహజమైన గూళ్లు ఏడెనిమిది మీటర్ల లోతుకు దిగుతాయి, రాణి పదేళ్లకు పైగా బతుకుతుంది. మూడు పెట్టెలు దానికి ఏ మూలకూ చాలవు.

జవాబు: పొదలకూరు నిమ్మ రైతు

పై వారు చెప్పిన దానికి రైతుగా ఒక్క మాట చేర్చాలనిపించింది. ఈ చీమలకు బత్తాయి, నిమ్మ జాతి చెట్ల ఆకులంటే ప్రీతి అనీ, బ్రెజిల్‌లో జామాయిల్ తోటలకు వీటికి మించిన శత్రువు లేదనీ చదివాను. మాది పొదలకూరు, చుట్టూ నిమ్మ తోటలే. పైన ప్రకాశం వైపు జామాయిల్, సుబాబుల్ ఎంత మేర ఉన్నాయో మాస్టారికి తెలియనిది కాదు. గర్భం ధరించిన ఒక్క రాణి తప్పించుకొని మన నేలలో నిలదొక్కుకోగలదా లేదా అన్నది ఎవరూ నా తోట మీద ప్రయోగం చేసి చూడకూడదని నా విన్నపం. పెట్టె ఎంత గట్టిదైనా పిల్లలు తిరిగే ఇల్లు, పగలదని హామీ ఎవరిస్తారు?

జవాబు: ఒంగోలు చీమల గూడు

నేను ఒంగోలులో నాలుగేళ్లుగా మన గండుచీమలను పెంచుతున్నాను. మాస్టారు గీసిన గూడు నమూనాను వృథా చేయనక్కరలేదు, అందులోకి రావలసిన చీమను మార్చుకుంటే చాలు. వేప చెట్ల మొదళ్లలో మట్టి తోడిపోస్తూ, సాయంత్రం కాగానే బారులు తీరే నల్లటి పెద్ద చీమ, కాంపోనోటస్ కంప్రెస్సస్, ఇందుకు చక్కగా సరిపోతుంది. ఒకే గుంపులో చిన్న తల పనిచీమలూ, పెద్ద తల చీమలూ కనబడతాయి కాబట్టి పని విభజన అనే పాఠాన్ని ఆకులు కోసే చీమలతో ఎంత బాగా చెప్పవచ్చునో వీటితోనూ అంత బాగా చెప్పవచ్చు. మన ఎండకు పుట్టినవి, మన ఎండను తట్టుకుంటాయి.

గూటికి గాజు కన్నా ఏఏసీ ఇటుక (గాలి బుడగలతో తేలికగా ఉండే సిమెంటు ఇటుక) మేలు. దాని మీద ఉలితో గదులూ సందులూ తొలిచి, పైన గాజు పలక బిగించి, ఇటుక ఒక చివర చిన్న గుంట తవ్వి అందులో రోజు విడిచి రోజు నీళ్లు పోయండి. ఆ చివర తడిగా, ఈ చివర పొడిగా ఉంటే చీమలు తమ పిల్లలను తమకు నచ్చిన తేమలోకి అవే మార్చుకుంటాయి. తేమను మనం అంకెల్లో కొలిచి నిలబెట్టవలసిన బాధ ఉండదు. వేడికి నా పద్ధతి ఏమిటంటే, పడమటి గోడకు ఆనించకుండా ఇంటి మధ్య గదిలో నేల మీద పెట్టి, ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఇటుక వెనుక తడి గోనెపట్టా ఒకటి వేలాడదీస్తాను. గాజు మీద ఎర్ర రంగు పారదర్శక కాగితం వేస్తే చీమలకు చీకటిగా ఉంటుంది, పిల్లలకు లోపలంతా కనిపిస్తుంది.

మొదట్లో నేను చేసిన తప్పును మీరు చేయవద్దు. పది చీమలున్న గుంపుకు పన్నెండు గదుల గూడు ఇచ్చాను. అవి ఖాళీ గదుల్లో చెత్త పోశాయి, బూజు పట్టింది, రెండు నెలల్లో రాణి చనిపోయింది. నలభై యాభై చీమలయ్యే దాకా పరీక్షనాళికే వాటికి ఇల్లు: అడుగున నీళ్లు, దాని మీద దూది బిరడా, తర్వాత రాణి, మూతి దగ్గర మరో దూది.

తప్పించుకోకుండా ఉండాలంటే, మన పెద్దవాళ్లు అన్నం అలమర కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టిన పద్ధతే మేత పెట్టెకూ పనికివస్తుంది. దానితోపాటు పెట్టె లోపలి పై అంచున, టాల్కం పౌడరును స్పిరిట్‌లో కలిపి పూసి ఆరనిస్తే చీమ కాలు జారుతుంది. వానాకాలపు తేమకు అది రాలిపోతుంది కాబట్టి అప్పుడు మళ్లీ పూయాలి. మేతగా ఒక వంతు చక్కెరకు నాలుగు వంతుల నీళ్లు, వారానికి రెండుసార్లు వేడినీటిలో ముంచి తీసిన మిడత గానీ బొద్దింక గానీ ఇవ్వండి. మందు కొట్టిన ఇంట్లో దొరికిన బొద్దింకను మాత్రం వేయకూడదు. ఆ గదిలో దోమల మందు యంత్రం పెట్టినా, గడప మీద చీమల సుద్ద గీసినా గుంపు మొత్తం నశించవచ్చు.

జవాబు: బాపట్ల పూర్వ విద్యార్థి

ఒంగోలు మిత్రులు చెప్పినదంతా సరైనదే. బూజు సేద్యం చూపించలేకపోతున్నానన్న వెలితి మాస్టారికి మిగలకూడదు కాబట్టి ఇది కూడా చెబుతాను. ఆ సేద్యం మన ఊరి పుట్టల్లోనే జరుగుతోంది. నాగుల చవితికి మనం పాలు పోసే పుట్టలు చాలావరకు చెదలు కట్టినవి. ఒడాంటోటెర్మిస్ అనే చెదలు, పుల్లా ఆకూ తిని, తమ మలంతో స్పాంజి లాంటి తెట్టెలు కట్టి, వాటి మీద బూజును పండించి తింటాయి. వానలకు ఆ బూజే పుట్టను చీల్చుకొని గొడుగులుగా లేస్తుంది. పుట్టగొడుగు అన్న మాటలోనే మన భాష ఆ సంబంధాన్ని దాచి ఉంచింది. చెద చీమ కాదు, బొద్దింకకు బంధువు. అంటే ఒకే వ్యవసాయాన్ని రెండు వేరు వేరు కీటక వంశాలు, రెండు వేరు ఖండాల్లో, ఎవరికి వారుగా కనిపెట్టాయి. మీ పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా గొప్ప పాఠం నాకు తోచడం లేదు. పూజ లేని, పడిపోయిన పుట్ట పొలం గట్టున కనిపిస్తే, యజమానిని అడిగి, పాము లేదని తెలిసినవాళ్లతో చూపించుకొని, ఒక తెట్టెను పిల్లలకు చూపండి. ఇంటికి మాత్రం తేవద్దు, తలుపులూ దూలాలూ మిగలవు.

మరొక మాట. 1840లలో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన జెర్డాన్ 1851లో దక్షిణ భారతపు చీమల పట్టిక ప్రకటించాడు. చీమలను చూడడానికి నెల్లూరు జిల్లా చిన్న చోటు కాదు.

ప్రశ్నించినవారి జవాబు: కావలి మాస్టారు

మీ అందరికీ ధన్యవాదాలు. నిమ్మ రైతు గారి మాట నన్ను నిజంగా ఆలోచింపజేసింది. ఆ అమ్మకందారుకు వద్దని రాశాను. ఏఏసీ ఇటుక ఒకటి తెచ్చుకున్నాను. నిన్న జల్లు పడ్డాక వరండా దీపం కింద రెక్కల పురుగులు చాలా రాలాయి. అందులో రాణి చీమ ఏదో, ఉసిళ్లు (రెక్కల చెదలు) ఏవో గుర్తుపట్టడం ఎలా?

జవాబు: ఒంగోలు చీమల గూడు

నడుము చూడండి. ఉసిళ్లకు నడుము ఉండదు, నాలుగు రెక్కలూ ఒకే పొడవు, మీసం ముత్యాల దండలా తిన్నగా ఉంటుంది. చీమకు నడుము సన్నగా నొక్కినట్టు ఉంటుంది, ముందు రెక్కలు వెనుక వాటికన్నా పెద్దవి, మీసం మోచేయిలా వంగి ఉంటుంది. చీమల్లో మగవాటికి తల చిన్నది, ఒళ్లు సన్నం. రాణికి రొమ్ము భాగం బలిసి ఉంటుంది. రెక్కలు రాల్చుకొని నేల మీద ఒంటరిగా తిరుగుతున్న పెద్ద నల్లని చీమనే ఎంచుకోండి, ఎందుకంటే అది జతకట్టి ఉండే అవకాశం ఎక్కువ. నాళికలో పెట్టి, గుడ్డ చుట్టి, చీకటి అరలో ఉంచి, వారానికి ఒకసారికి మించి తీయకండి. మేత పెట్టనక్కరలేదు, తన రెక్కల కండరాలను కరిగించుకొనే తొలి పిల్లలను సాకుతుంది. నెల, నెలన్నరలో మొదటి పనిచీమలు కనిపించగానే దూది అంచున ఒక చుక్క చక్కెర నీళ్లు పెట్టండి.