‘క్రాస్ ఓటింగ్’ అని ఓటరును అనొచ్చా?

ప్రశ్న (పత్రిక డెస్క్ నుంచి): మా దగ్గర చిన్న వాదన నడుస్తోంది. ఎమ్మెల్సీ ఎన్నికలో ఎమ్మెల్యే సొంత పార్టీని కాదని ఓటేస్తే క్రాస్ ఓటింగ్ అంటాం. మామూలు ఓటరు ఎమ్మెల్యే ఓటు ఒక పార్టీకి, ఎంపీ ఓటు ఇంకో పార్టీకి వేసినా అదే మాట రాస్తున్నాం. రెండింటికీ ఒకటే మాటా? తెలుగులో వేరేది ఉందా పెద్దలూ?

జవాబు (విశ్రాంత ఉపాధ్యాయుడు): రెండూ ఒకటి కావు బాబూ. ఎమ్మెల్యే ఒక పార్టీ గుర్తు మీద గెలిచినవాడు. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్‌లో ఎమ్మెల్యే కోటా ఎమ్మెల్సీ ఎన్నికలు గుర్తున్నాయి కదా. తెదేపా అభ్యర్థి పంచుమర్తి అనురాధ 23 ఓట్లతో గెలిచారు. క్రాస్ ఓటింగ్ చేశారంటూ వైకాపా తన ఎమ్మెల్యేలను నలుగురిని సస్పెండ్ చేసింది. అక్కడ దాటడానికి గీత ఉంది, దాటితే శిక్ష ఉంది. రాజ్యసభ ఎన్నికల్లోనైతే 2003 నుంచి ఎమ్మెల్యే తన ఓటును పార్టీ ఏజెంటుకు చూపించి మరీ పెట్టెలో వేయాలి.

ఓటరుకు ఆ బాధ ఏముంది? ఒకే రోజు, ఒకే బూత్‌లో వేసినా అవి రెండు వేర్వేరు ఎన్నికలు. లోక్‌సభకు తెల్ల బ్యాలెట్, శాసనసభకు గులాబీ రంగు బ్యాలెట్. ఒకదానిలో ఎవరికి వేశాడో రెండోదానిలోనూ వాళ్లకే వేయాలని ఏ నియమమూ లేదు. లేని గీతను ‘క్రాస్’ చేశాడని రాయడమంటే, ఓటరు ముందే ఎవరి సొత్తో అయిపోయాడని మనం ఒప్పేసుకున్నట్టే. నా అభ్యంతరం అక్కడే.

ఇంకొకరు: మాస్టారూ, ఎమ్మెల్యేలకు ‘అంతరాత్మ ప్రబోధం’ అనే గౌరవమైన మాట కూడా ఉంది కదండీ!

ఉపాధ్యాయుడు: ఉందమ్మా, అదీ రాష్ట్రపతి ఎన్నిక పుణ్యమే. 1969లో కాంగ్రెస్ అధికార అభ్యర్థి నీలం సంజీవరెడ్డి, స్వతంత్రుడిగా వి.వి. గిరి. ఇద్దరూ మనవాళ్లే. అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటేయమని ఇందిరాగాంధీ పిలుపునిచ్చాక గిరి గెలిచారు. అప్పటినుంచి ఎమ్మెల్యే పార్టీని కాదంటే అంతరాత్మ, ఓటరు కాదంటే క్రాస్ ఓటింగ్! బాగుంది వరస.

గుంటూరు నుంచి ఒకరు: ఓటరు పేరు చెప్పి ఊరి నాయకులు చేసేది కూడా ఉంటుందండీ. ‘ఎంపీకి మీ ఇష్టం, ఎమ్మెల్యే ఓటు మాత్రం మనకే’ అని గడప గడపకూ చెప్పుకుంటారు. అవతలి పార్టీవాడితో లోపాయికారీ ఒప్పందం కుదిరితే అంతే. దాన్ని క్రాస్ ఓటింగ్ అనండి, నాకు అభ్యంతరం లేదు. కాదు, ‘చేయించిన’ క్రాస్ ఓటింగ్ అనండి.

డెస్క్: మరి ‘ఓట్ల చీలిక’ అంటే?

ఉపాధ్యాయుడు: వద్దు. ఒకే వర్గం ఓట్లు ఇద్దరు అభ్యర్థుల మధ్య పంచుకుపోయి మూడోవాడు గెలిస్తే అది ఓట్ల చీలిక. పాఠకుడి మనసులో ఆ అర్థం పాతుకుపోయింది. ఒక ఓటు ఒక పార్టీకి, ఇంకోటి ఇంకో పార్టీకి వేయడాన్ని అమెరికాలో ఉన్న మనవాళ్లు ‘స్ప్లిట్ టికెట్’ అంటారు. అక్కడ 19వ శతాబ్దంలో పార్టీలే అభ్యర్థుల పేర్లతో టికెట్లు అచ్చువేసి ఇచ్చేవి, వేరేవాడు కావాలంటే పేరు కొట్టేసి రాసుకోవాలి. మనకు టికెట్ అంటే బీ ఫారం, అంటే ‘మా అభ్యర్థి ఇతనే’ అని పార్టీ ఇచ్చే పత్రం, దానికోసం జరిగే తోపులాట. ఆ మాట ఇక్కడ అతకదు.

మాట సంగతి అలా ఉంచితే, అసలు అలాంటి ఓటింగ్ జరిగిందో లేదో లెక్క చూడకుండా రాసేస్తున్నారు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో వైకాపాకు 175లో 151 అసెంబ్లీ స్థానాలు, 25లో 22 ఎంపీలు. మిగిలిన మూడు, అంటే శ్రీకాకుళం, విజయవాడ, గుంటూరు, తెదేపావి. గుంటూరు లోక్‌సభ పరిధిలో ఏడు అసెంబ్లీ స్థానాల్లో ఆరు వైకాపావే, విజయవాడలోనూ అంతే. ఇంతమాత్రాన ఓటరు రెండు పార్టీలకు వేశాడని తేలదు. ఆరుచోట్ల కొద్ది తేడాతో ఓడి ఏడోచోట భారీ ఆధిక్యం తెచ్చుకున్నా ఎంపీ గెలవొచ్చు. విజయవాడ సెంట్రల్ అసెంబ్లీ సీటు 25 ఓట్ల తేడాతో తేలింది మరి! ఏడు చోట్లా ఆధిక్యాలు కూడి, తీసి చూడాలి. గుంటూరులో అలా చూస్తే అసెంబ్లీ లెక్కలో వైకాపాదే పైచేయి, ఎంపీ మాత్రం తెదేపా. అక్కడ నిజంగానే జనం అటొకటి ఇటొకటి వేశారు.

అలాగే తెలంగాణ. 2018 డిసెంబరులో తెరాసకు 119లో 88, నాలుగు నెలలకు లోక్‌సభలో 17కి 9. దీన్నీ క్రాస్ ఓటింగ్ అన్నవాళ్లున్నారు. అది మనసు మార్చుకోవడం, లేదా ఢిల్లీకి ఒక లెక్క, హైదరాబాద్‌కు ఒక లెక్క వేసుకోవడం. ఒకే రోజు వేసిన రెండు ఓట్లతో దాన్ని కలపకూడదు.

గుంటూరు నుంచి: మా వైపు ‘ఇద్దరికీ చెరో ఓటు వేశారు’ అంటామండీ. ఎవరికైనా అర్థమవుతుంది.

డెస్క్: ‘చెరో ఓటు’... సింగిల్ కాలమ్‌లో కూడా పడుతుంది! కానీ ఇన్‌చార్జి గారు ‘జనానికి అలవాటైన మాట మార్చకు’ అంటారు.

ఉపాధ్యాయుడు: శీర్షికలో ‘చెరో ఓటు’ పెట్టి, మొదటి వాక్యంలోనే ‘ఎమ్మెల్యే ఓటు ఫలానా పార్టీకి, ఎంపీ ఓటు ఫలానా పార్టీకి’ అని విడమర్చు బాబూ. ‘క్రాస్ ఓటింగ్’ను ఎమ్మెల్యేలకు వదిలెయ్. వాళ్లకు అవసరం పడుతూనే ఉంటుంది.